ఇంట్లో ముప్ఫై, మాక్‌లో పదహారు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయ్యాక ఐబీపీఎస్ పీవో (బ్యాంకు ఆఫీసరు ఉద్యోగ పరీక్ష)కి ప్రిపేర్ అవుతున్నాడు. రీజనింగ్ ఇంట్లో 35కి 30 చేస్తాడు, మాక్ టెస్టులో 16 దాటడు. మాక్ రాసిన ప్రతిసారీ మార్కులడిగి, పక్కింటబ్బాయితో పోల్చి చెబుతూనే ఉన్నాను. వాడికి లాజిక్ లేదేమో! ఇది మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పించనా? రెండింటిలో ఏది మేలు?
– ఓ తండ్రి, నరసరావుపేట

జవాబు: ఇంట్లో 30 చేసేవాడికి లాజిక్ లేకపోవడమేంటండీ? ప్రతి ప్రిలిమ్స్ ముందూ నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. పైకి అడిగేది కోర్సు గురించి, లోపలున్న భయం మాత్రం ‘మావాడు తెలివితక్కువవాడా’ అని. కాదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

‘పూలన్నిటికీ నీళ్లు కావాలి. మల్లెలకు నీళ్లు కావాలి. కాబట్టి మల్లెలు పూలు.’ గబగబా చదివితే సరైనదే అనిపిస్తుంది, మల్లెలు పూలే కదా మరి. ఇప్పుడు మల్లెల చోట గేదెల్ని పెట్టి చూడండి. నీళ్లు కావాలి కాబట్టి గేదెలూ పూలేనా? తప్పు కనిపించాలంటే, మనకు ముందే తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టాలి. దానికి టైమూ కావాలి, ధ్యాసా కావాలి. 2005లో జొనాథన్ ఎవన్స్, జోడీ కర్టిస్-హోమ్స్ అనే మనస్తత్వ పరిశోధకులు ఇలాంటి ప్రశ్నలకు 10 సెకన్లలోపే జవాబు చెప్పమంటే, తర్కం వదిలి నమ్మకాన్ని బట్టి చెప్పేయడం పెరిగింది. మరుసటి ఏడాది విమ్ డి నేయ్స్ అనే మరో పరిశోధకుడు ఒక చుక్కల అమరికను గుర్తుపెట్టుకుంటూ ఇవి చేయమన్నారు. చురుకైన జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లు కూడా తడబడ్డారు.

మీవాడి బుర్రలో ఆ చుక్కలు పెడుతున్నది మీరే. కోపం తెచ్చుకోకండి. పజిల్ మధ్యలో ‘ఇంటికెళ్లి నాన్నకి ఏం చెప్పాలి’ అని ఆలోచించే పిల్లాడికి పజిల్ మీద ధ్యాస ఎలా నిలుస్తుంది? పక్కింటబ్బాయి ఊసు ఈ రోజుతో ఆపేయండి.

35 ప్రశ్నలకు 20 నిమిషాలంటే ఒక్కోదానికి 34 సెకన్లు. అన్నీ చేయాలని చూస్తే తొందరలో తప్పులు తప్పవు. కష్టమైన సీటింగ్ పజిల్‌ను (ఎవరెక్కడ కూర్చున్నారో తేల్చేది) చూసి వదిలేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ముందు గడియారం లేకుండా పద్ధతి కుదరనివ్వండి, తర్వాత టైము తగ్గించుకుంటూ రావచ్చు. షరతులన్నీ మనసులో మోయకుండా కాగితం మీద గీసుకోమనండి. తప్పయిన ప్రశ్నల్ని రెండుగా విడదీయాలి: రానివి, తొందరలో పోయినవి.

ఇక డేటా సైన్స్. ఆరు నెలల్లో ఉద్యోగం అనే కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. స్టాటిస్టిక్స్ గట్టిగా రాకుండా, చేసి చూపించే ప్రాజెక్టులు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటీ నిలబెట్టదు. అమ్మకాలు పెరగ్గానే ‘ప్రకటన వల్లే’ అని నమ్మేయకుండా ఆగి చూడటమే అక్కడి పని కూడా. లాజిక్ లేదని భయపడి చేరే చోటు కాదది. పైగా అందులో చేరతానని వాడు అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగారా అసలు?

వాడికి నిజంగా ఇష్టముంటే బీటెక్ ఉంది, వయసుంది, దారి ఎక్కడికీ పోదు. ప్రస్తుతానికి నాలుగు మాక్‌లు ఇలా రాయనివ్వండి. మార్కులు వద్దు, తొందరలో పోయినవి ఎన్నో వాడినే లెక్కేసి నాకు రాయమనండి.