ఆ బట్టకి రంగు ఎక్కడ వేశారో అడగండి

బెంగళూరులో ఒక చిన్న బ్రాండ్ పిల్లల బట్టలు 'ఎకో ఫ్రెండ్లీ' అని చెప్పి మూడింతల ధరకి అమ్ముతోంది, నమ్మొచ్చా అని మీరు అడిగారు. మాకు నాలుగేళ్ళ పాప ఉంది, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. నేనూ ఈ టెన్షన్ పడి కొంత నేర్చుకున్నాను, అదే చెప్తాను.

నేను మొదట దెబ్బతిన్నది వెదురు బట్ట దగ్గర. అన్నప్రాసనకి 'బాంబూ' అని పెద్దగా రాసున్న గౌను కొన్నాను. ముట్టుకుంటే వెన్నలా ఉంది. ఇంటికొచ్చి మెడ వెనక లేబుల్ తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో విస్కోస్ అని ఉంది. అంటే వెదురు గుజ్జుని కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి తీసిన దారం. ఆ రెండోది పీల్చే ఫ్యాక్టరీ కార్మికుల నరాలు దెబ్బతింటాయి. షాపులో అడిగితే "నేచురలే మేడమ్" అన్నారు తప్ప ఇంకో మాట రాలేదు.

సర్టిఫికెట్ల దగ్గర కూడా జాగ్రత్త. ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 అంటే తయారైన బట్టలో హానికర రసాయనాలు పరిమితి దాటలేదని చెప్పే పరీక్ష. మూడేళ్ళలోపు పిల్లల బట్టలకి అందులో అన్నిటికన్నా కఠినమైన తరగతి ఉంది. మీ బిడ్డ చర్మానికి అది భరోసా. పత్తి ఎలా పండించారో మాత్రం అది చెప్పదు. జీఓటీఎస్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్) అనే సర్టిఫికెట్ అలా కాదు, పత్తి నుంచి అద్దకం, కుట్టుపని దాకా చూస్తుంది. 'ఆర్గానిక్' అని లేబుల్ వేయాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ దారం ఉండాలి, 'మేడ్ విత్ ఆర్గానిక్' అంటే 70 శాతం చాలు. లోగో కింద లైసెన్స్ నంబరు ఉంటుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. 2020లో మన దేశంలోనే నకిలీ పత్రాలతో ఆర్గానిక్ అని చెలామణి అయిన పత్తిని జీఓటీఎస్ వాళ్ళే బయటపెట్టారు. కాబట్టి ఉత్త ఫోటో చూసి సరిపెట్టుకోకండి.

నన్నడిగితే అసలు ప్రశ్న రంగు గురించి. ఇక్కడి చిన్న బ్రాండ్లకి బనీను బట్ట ఎక్కువగా తమిళనాడులోని తిరుప్పూర్ నుంచి వస్తుంది. అక్కడి అద్దకం నీళ్ళతో నొయ్యల్ నది పాడైపోయింది. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్‌లో ఆ కాలుష్యమంతా చేరి, ఆ నీళ్ళు పొలాలకి పనికిరాకుండా పోయాయి. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లని మూసేయమంది. వాడిన నీటిని బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే ఏర్పాటు ఉంటేనే నడపాలన్న షరతు అక్కడ ఉంది. అందుకే "రంగు ఏ యూనిట్‌లో వేయించారు? ఆ నీళ్ళు ఏమవుతాయి?" అని అడగండి.

ఒక ఆదివారం ఎగ్జిబిషన్‌లో పిల్లల బట్టలు అమ్ముతున్న ఒకావిడని ఇదే అడిగాను. "మిల్లు పేరు రేపు కనుక్కుని చెప్తానండీ" అన్నారు. మర్నాడు వాట్సాప్‌లో మిల్లు పేరు, వాళ్ళ సర్టిఫికెట్ పంపారు. "బట్ట మాత్రమే సర్టిఫైడ్, కుట్టేది మా సొంత యూనిట్, దానికి సర్టిఫికెట్ లేదు, అందుకే లోగో వేయం. గుండీలు ప్లాస్టిక్‌వే" అని కూడా రాశారు. ఆ మాటతో నాకు ఆవిడ మీద గురి కుదిరింది. సర్టిఫికెట్ లేని చిన్నవాళ్ళందరూ మోసగాళ్ళని అనుకోవద్దు, దానికయ్యే ఖర్చు వాళ్ళకి భారమే.

చొక్కా మీద బొమ్మ ఉంటే వేలితో రుద్ది, కొంచెం సాగదీయండి. రబ్బరు పొరలా తగిలి పగుళ్ళిస్తే అది చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్ కలిసిన ప్రింటు.

ఇంకోటి, లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. ఆవిడ దగ్గర కొన్న గౌను చూసి మా అమ్మ మొదట అంచే తిరగేసింది. "నాలుగు వేళ్ళ మడత వదిలారే, పిల్ల ఎదిగినా పనికొస్తుంది" అంది. మా చిన్నప్పుడు పరికిణీలకి టక్కులు వేయించి ఏటా ఒకటి విప్పేవాళ్ళు కదా, అలాగన్నమాట. ఆ మడత రెండుసార్లు విప్పాం. ఇప్పుడది నెల్లూరులో మా చెల్లి కూతురు వేసుకుంటోంది, రంగు పెద్దగా వెలవలేదు. ఆర్గానిక్ అయినా ఆరు నెలలకే పొట్టిదైపోయే గౌను కన్నా ఇది నయమని నా నమ్మకం.

మీరు కూడా ముందు ఒక్క జతే కొని, పది ఉతుకులు చూసి మిగతావి తీసుకోండి.