ఫ్రీఫ్లో ఎగ్జాస్ట్ వేసిన కారు పొల్యూషన్ టెస్ట్ పాసవ్వాలంటే

బ్రదర్, మీది 2018 బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) పెట్రోల్ కారు, ఫ్రీఫ్లో (పొగ సులువుగా బయటికి పోయే ఎగ్జాస్ట్) వేయించేటప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం, క్యాట్ అంటాం) తీసేశారు, ఇప్పుడు పొల్యూషన్ టెస్ట్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.9 శాతం చూపిస్తోంది అన్నారు కదా. మీ బండికి సీఓ పరిమితి 0.3 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన ఇంధనం) పరిమితి 200 పీపీఎం. క్యాట్ లేకుండా ఇది కుదరని పని. ట్యూనింగ్‌తో సరిచేస్తానని ఎవరన్నా నమ్మకండి.

పాత క్యాట్ ఉంటే అదే బిగించండి. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి ఉంటే స్టాక్ మ్యాప్, అంటే కంపెనీ ఇచ్చిన సెట్టింగులే, మళ్లీ వేయించండి.

చాలామంది వదిలేసేది జాయింట్ల లీకేజీ. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతి కాసేపు మూయండి. ముందువైపు నుంచి టిక్ టిక్ మని చప్పుడొస్తే అక్కడే లీక్, చుట్టూ నల్లటి మసి కూడా కనిపిస్తుంది. ఆ సందులోంచి బయటి గాలి చేరితే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మోసపోయి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. నా బండిలో పది రూపాయల గ్యాస్కెట్ లాంటి దానికోసం రెండుసార్లు ఫెయిలయ్యాను!

టెస్ట్‌కి ముందు అరగంట హైవే మీద నడిపి, ఇంజన్ ఆపకుండా నేరుగా లోపలికి తీసుకెళ్లండి. క్యాట్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. లైన్ పెద్దగా ఉంటే మధ్యమధ్యలో రెండు వేల ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచండి.