తలస్నానం చేయగానే చెవి దిబ్బడ వేసింది.. వేడి నూనె పోయవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మూడు రోజుల క్రితం తలస్నానం చేశాక కుడి చెవి దిబ్బడ వేసింది. నొప్పి, చీము లేవు కానీ నా మాటే లోపల మోగుతున్నట్లుంది. రోజూ ఇయర్‌బడ్‌తో శుభ్రం చేసుకుంటాను. అయినా గులిమి పేరుకుంటుందా? వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే కరుగుతుందని అమ్మ అంటోంది. పోయవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రోజూ ఇయర్‌బడ్ పెడుతున్నారు కాబట్టే గులిమి పేరుకుని ఉండవచ్చు. నిజానికి అది మురికి కాదు. దుమ్మును పట్టి ఆపుతుంది, చర్మం ఎండిపోకుండా చూస్తుంది. సుమారు 2.5 సెంటీమీటర్ల చెవి నాళంలో బయటివైపు భాగంలోనే ఇది తయారవుతుంది. కర్ణభేరి దగ్గరి చర్మం నెమ్మదిగా బయటికి జరుగుతూ గులిమిని వెంట తెస్తుంది. నమిలినప్పుడల్లా దవడ కదలిక కూడా సాయపడుతుంది. ఇయర్‌బడ్ దీన్ని వెనక్కి నెడుతుంది. దూదికి అంటిన పసుపు చూసి చెవి శుభ్రమైందనుకుంటాం. పరీక్షించి చూస్తే లోపల నల్లగా గట్టిపడిన ముద్ద, దాని మీద దూది కొన ఒత్తిన గుంట కనిపిస్తాయి. తలస్నానం నీళ్లు తగిలి ఆ ముద్ద ఉబ్బితే నాళం పూర్తిగా మూసుకుపోతుంది. మీ విషయంలో జరిగింది ఇదే అయి ఉండవచ్చు.

అమ్మగారి సలహా ప్రేమతో చెప్పిందే. కానీ కాచిన నూనె వద్దు. నాళంలోని చర్మం చాలా పలుచన, కాలితే పుండు పడుతుంది. వెల్లుల్లి ముక్క అందులో ఇరుక్కుంటే మరో బాధ. పిన్నీసు, అగ్గిపుల్ల, వెలిగించి చెవిలో పెట్టే కొవ్వొత్తుల జోలికీ వెళ్లకండి.

గులిమిని మెత్తబరిచే చుక్కల మందు మందుల దుకాణాల్లో దొరుకుతుంది. గది వేడిమిలో ఉన్న ఆలివ్ నూనె అయినా ఫర్వాలేదు. ఎడమవైపు తిరిగి పడుకుని, కుడి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి మూడు నాలుగు చుక్కలు వేసుకోండి. అయిదు నిమిషాలు కదలకండి. రోజుకు రెండుసార్లు, మూడు నుంచి అయిదు రోజులు చాలు. మొదట్లో దిబ్బడ పెరిగినట్లు అనిపిస్తే కంగారు పడకండి, ముద్ద నానుతోందన్నమాట.

కర్ణభేరికి రంధ్రం ఉన్నా, గతంలో చెవికి శస్త్రచికిత్స జరిగినా, చీము, నొప్పి ఉన్నా చుక్కలు వేయకుండా ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి. చుక్కలతో తగ్గకపోయినా వారి వద్దకే వెళ్లండి. పరికరంతో పీల్చి గానీ, గోరువెచ్చని నీటితో కడిగి గానీ తీస్తారు. చల్లని నీళ్లు వాడితే కళ్లు తిరుగుతాయి, అందుకే ఇంట్లో పిచికారీ ప్రయత్నాలు వద్దు. మధుమేహం ఉంటే ముందే వైద్యులకు చెప్పండి, ఆ జబ్బు ఉన్నవారికి నాళంలో చిన్న గాయమైనా తీవ్రమైన ఇన్ఫెక్షన్‌గా మారవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. చెవిలోకి నీళ్లు పోకుండానే, ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం బాగా తగ్గితే అది వినికిడి నరానికి సంబంధించిన సమస్య కావచ్చు. గులిమి అనుకుని చుక్కలు వేస్తూ కూర్చోకుండా అదే రోజు ఈఎన్‌టీ వైద్యులను కలవండి. ఆ నరం సమస్యకు మందులు తొలి రోజుల్లో మొదలుపెడితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.