సెలవు మీద వచ్చిన సైనికుడు యూనిఫాంలో పెళ్లికి రావచ్చా?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయానికి సంబంధించినవి కావడంతో, శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో నాయక్. సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఈ నెలాఖరులో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. మగపెళ్లివారు చూస్తారు, యూనిఫాంలో రావాల్సిందేనని ఆమె పట్టుబడుతోంది. వాడేమో ససేమిరా అంటున్నాడు. "అత్తయ్యకు ఎలా చెబుతావో నువ్వే చూసుకో అమ్మా" అని భారం నా మీద వేశాడు. కన్నబిడ్డను ఆ దుస్తుల్లో నలుగురి మధ్య చూసుకోవాలని నాకూ ఉంది. అందులో తప్పేమిటి?
– ఒక తల్లి, సఫిల్‌గూడ

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదమ్మా. కాని ఈ విషయంలో మీ అబ్బాయి మాటే సరైనది. అతడు వేసుకునే యూనిఫాం విధి నిర్వహణ కోసం ఇచ్చినది. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ రకంగా ధరించాలో సైన్యం నిబంధనలు, యూనిట్ ఉత్తర్వులు నిర్ణయిస్తాయే తప్ప ధరించేవారి ఇష్టం గాని, వారి బంధువుల ముచ్చట గాని నిర్ణయించవు. సెలవులో ఉన్నంత మాత్రాన అతడు సైనిక చట్టం పరిధి దాటి బయటికి వచ్చినట్టు కాదు. సెలవు రోజుల్లో, సొంత పనుల మీద తిరిగేటప్పుడు సాధారణ దుస్తుల్లో ఉండడమే మన సైన్యంలో వాడుక.

సైనికాధికారులు కొందరు తమ పెళ్లిలో ఉత్సవ దుస్తులు ధరించడం, తోటి అధికారులు కత్తులు పైకెత్తి వారికి దారి ఇవ్వడం మీ ఆడపడుచు ఫొటోల్లో చూసి ఉండవచ్చు. ఆ సందర్భం వేరు. అది యూనిట్‌కు తెలిసి, ఒక మర్యాద ప్రకారం జరిగే వేడుక. మన ఫంక్షన్ హాళ్లలో రాత్రి పదింటి తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. బరాత్ కదులుతుంది, డీజే మొదలవుతుంది, వెనక పార్కింగులో సీసాలు తెరుచుకుంటాయి. మీ అబ్బాయి చుక్క ముట్టకపోయినా, బావమరుదులు నలుగురు భుజాల మీదికి ఎత్తుకుని ఆడిస్తుంటే తీసిన అర నిమిషం వీడియో తెల్లారేసరికి వాట్సాప్‌లో ఎక్కడెక్కడికో పోతుంది. అది యూనిట్‌లో ఎవరి కంటనైనా పడితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీ ఆడపడుచు కాదు, అతడు. అమెరికా సైన్యం కూడా స్థావరం బయట మద్యం తాగడమే ప్రధానంగా సాగే చోట్ల యూనిఫాం ధరించకూడదని నిబంధన పెట్టుకుంది. పేరు పోతే ఒక మనిషిది కాక మొత్తం సైన్యానిది పోతుందన్నదే అక్కడైనా ఇక్కడైనా భయం.

ఫొటోల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 2020 జూలైలో మన సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని తన సిబ్బందిని ఆదేశించింది. యూనిఫాంలో ఉన్న ఫొటోలో భుజం మీది గుర్తు, ఛాతీ మీది పేరు, వెనక కనిపించే బోర్డు, ఇవన్నీ చూడడం తెలిసినవాడికి సమాచారమే. శత్రువు మాట పక్కన పెట్టినా, సైబర్ మోసగాళ్లకు ఆ ఫొటో ఒక పెట్టుబడి. "నేను ఆర్మీలో ఉన్నాను, వేరే ఊరికి బదిలీ అయింది, బండి చవగ్గా అమ్మేస్తున్నాను" అని యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు పంపి ముందుగా డబ్బు వేయించుకునే మోసం ఈ నగరంలో చాలామందికి అనుభవంలోకి వచ్చినదే. ఆ ఫొటోల్లోని సైనికులు చాలాసార్లు నిజమైనవారే. తమ ముఖం చూపించి ఎవరో బేరాలాడుతున్నారని వారికి తెలియదు. యూనిఫాం చూపించి నమ్మించాలని చూసే అమ్మకందారును ఆ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చు. ఇప్పటికే డబ్బు పంపినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇక మీ ఆడపడుచుకు ఏం చెప్పాలన్నది. శిక్షణ ముగిసి ప్రమాణం చేసే కసమ్ పరేడ్ రోజున సైన్యం తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ బహూకరిస్తుంది. మీకూ అది ఇచ్చి ఉంటే బీరువాలోంచి తీసి, పెళ్లినాడు పట్టుచీర మీద మీరే పెట్టుకోండి. అది మీకిచ్చినది. దానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాదు. మగపెళ్లివారు అదేమిటని అడిగితే చెప్పుకోవడానికి మాటా దొరుకుతుంది.

ప్రశ్న: నేను కొన్నేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చాను. అక్కడ విమానాశ్రయాల్లో, దుకాణాల్లో సైనికులు యూనిఫాంలో కనిపిస్తే జనం ఆగి కృతజ్ఞతలు చెబుతారు. మన దగ్గర సైనికులు రైల్లో కూడా మఫ్టీలోనే ప్రయాణిస్తారు. మనం వారిని దాచిపెడుతున్నామా? యూనిఫాం కనిపిస్తేనే కదా గౌరవం పెరిగేది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: మీరు చూసింది నిజమే. అయితే అక్కడా అది హద్దుల్లేని స్వేచ్ఛ కాదు. విధులకు వచ్చి పోయే దారిలో, మధ్యలో ఏ పాలో పెట్రోలో కొనుక్కోవడానికి ఆగినప్పుడు యూనిఫాంలో ఉండవచ్చు. రాజకీయ ప్రయోజనం కోసం, సొంత వ్యాపార లాభం కోసం, విధులు లేని వేళల్లో చేసుకునే మరో ఉద్యోగంలో దాన్ని ధరించడం నిషిద్ధం.

ఈ విషయంలో దేశాలన్నీ ఒక దారిలో లేవు. ఒకే దేశం కూడా ఎప్పుడూ ఒకే మాట మీద నిలబడలేదు. జర్మనీలో 2020 జనవరి నుంచి యూనిఫాం ధరించిన సైనికులకు రైలు ప్రయాణం ఉచితం చేశారు. సైనికులు జనం కంట పడాలన్నది అందులో ఒక ఉద్దేశం. బ్రిటన్‌లో, ఉత్తర ఐర్లండ్‌ను ఆ దేశం నుంచి విడదీయాలని పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ అనే సాయుధ సంస్థ దాడులు సాగినన్నాళ్లూ సైనికులు బయట యూనిఫాం వేసుకోవడం మానుకున్నారు. తర్వాత 2008లో, పీటర్‌బరో పట్టణంలో కొందరు దూషిస్తున్నారన్న కారణంతో, ఊళ్లోకి యూనిఫాంలో వెళ్లవద్దని దగ్గర్లోని విటరింగ్ వైమానిక స్థావరం తన సిబ్బందికి చెప్పింది. దాని మీద పెద్ద దుమారమే రేగింది. అదే సంవత్సరం ప్రభుత్వం వేయించిన నివేదిక మాత్రం, సైనికులు బయట యూనిఫాంలో కనిపించడాన్ని ఇంకా ప్రోత్సహించాలని సిఫారసు చేసింది.

ప్రమాదం ఊహ కాదు. 2012 మార్చిలో ఫ్రాన్స్‌లోని మోంటోబాన్ పట్టణంలో, తమ బ్యారక్స్ దగ్గరే ఏటీఎం ముందు నిలబడిన ముగ్గురు యూనిఫాం సైనికుల మీద ఒక ఉగ్రవాది కాల్పులు జరిపితే ఇద్దరు మరణించారు. 2014 అక్టోబరులో కెనడాలో మూడు రోజుల వ్యవధిలో ఇద్దరు సైనికులు హత్యకు గురయ్యాక, విధుల్లో లేనప్పుడు బయట యూనిఫాం ధరించవద్దని అక్కడి సైన్యం ఆదేశించింది. అయితే 2013 మేలో లండన్‌లోని వూలిచ్ బ్యారక్స్ సమీపంలో హత్యకు గురైన యువ సైనికుడు ఆ సమయంలో మామూలు దుస్తుల్లోనే ఉన్నాడు. బట్టలు మార్చుకోవడం వల్ల ప్రమాదం తగ్గుతుంది, పోదు. ఆ మాటకొస్తే, ఆదివారం ఔట్‌పాస్ మీద గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ నుంచి బయటికి వచ్చే కుర్రాళ్లు ఎంత సాదా చొక్కాలు తొడుక్కున్నా, ఆ క్రాఫు, ముగ్గురు కలిస్తే తెలియకుండానే కలిసిపోయే అడుగులు చూసి మెహిదీపట్నంలో పండ్లు అమ్మే అవ్వ కూడా ఇట్టే గుర్తుపడుతుంది.

మన దేశంలో సమస్య ఇంకో వైపు నుంచి కూడా వచ్చింది. 2015 జూలైలో పంజాబ్‌లోని దీనానగర్ పోలీస్ స్టేషన్ మీద, 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవారు సైనిక దుస్తులు వేసుకుని వచ్చారు. ఆ తర్వాతే సైన్యం, తమ దుస్తులను పోలిన బట్టలు వేసుకోవద్దని ప్రజలను, అమ్మవద్దని దుకాణదారులను కోరింది. 2022 జనవరి 15న, ఆర్మీ డే నాడు, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ సహకారంతో రూపొందించిన కొత్త పోరాట దుస్తులను ప్రదర్శించి, ఆ డిజైన్ మీద హక్కులను కూడా అదే సంవత్సరం నమోదు చేయించుకుంది. ఎవరు పడితే వారు యూనిఫాంలో తిరిగే వీధిలో దొంగ యూనిఫాంను పట్టుకోవడం కష్టం. సెలవుల్లో మఫ్టీ పాటించడం వెనక నాకు బలంగా కనిపించే కారణం ఇదే.

అలాగని బ్యారక్స్ గేటు దాటగానే యూనిఫాం మాయమైపోవాలని నేను అనను. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు సికింద్రాబాద్. తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట రోడ్ల మీద పొద్దున్నే స్కూటర్ల మీద డ్యూటీకి వెళ్లే జవాన్లు, సాయంత్రం తిరుగు దారిలో లాల్‌బజార్‌లో ఆగి కూరగాయలు కొనుక్కునే హవల్దార్లు ఈ ఊరి రోజువారీ జీవితంలో భాగం. వారిని యూనిఫాంలో చూస్తూ పెరిగిన పిల్లలకు సైన్యం అంటే టీవీలో కనిపించే వస్తువు కాదు, పక్కింటి అంకుల్ చేసే ఉద్యోగం. ఆ పరిచయం పోగొట్టుకోవడం నష్టమే. కాబట్టి విధులకు వచ్చి పోయే దారిలో, ఆ దారిలో చేసుకునే చిన్న పనులకు యూనిఫాం ఉండడం మామూలు రోజుల్లో మంచిదేనని నా అభిప్రాయం. కశ్మీర్ లోయలో ఈ మాట అనలేను. ఇక్కడైనా ముప్పు ఉందన్న సమాచారం వచ్చిన రోజున అది స్టేషన్ కమాండర్, అంటే ఇక్కడి సైనిక కేంద్రం అధికారి, నిర్ణయించవలసిన విషయం. ఆయన వద్దంటే దాని మీద మనకు చర్చ అనవసరం.

గౌరవం సంగతి అడిగారు. దారిలో ఆపి కృతజ్ఞతలు చెబితే మన జవాను సిగ్గుపడతాడేమో గాని కాదనడు. కాని సెలవు మీద వచ్చినవాడికి అంతకంటే ముందు కావలసింది, ఊళ్లో పట్టా పని తహసీల్దారు కార్యాలయంలో కదలడం. ఈ మధ్య కొందరు, యూనిఫాంలో వెళితే పని తొందరగా అవుతుందని సైనికులకు సలహా ఇస్తున్నారట. నేనైతే ఆ సలహా ఇవ్వను. భూమి తగాదా సొంత విషయం. అవతలి పక్షం రైతు ముందు రాజ్య బలాన్ని ఒంటి మీద వేసుకుని నిలబడినట్టు అవుతుంది. ఇలాంటి అర్జీలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, కలెక్టరుకు యూనిట్ ద్వారా లేఖ రాయించుకునే పద్ధతీ ఉంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటుకు కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఏజెన్సీ తన గార్డులకు అచ్చం సైనికుల చారల బట్టలు, పక్కకు వాలిన టోపీలు ఇచ్చింది. నివాసులకు అది నచ్చింది. కార్యదర్శిగా నాకే అనుమానం. ఇది చట్టబద్ధమేనా? ఆగస్టు 15న మా పిల్లలు వేసుకునే ఆర్మీ డ్రెస్సులూ తప్పేనా?
– కొంపల్లి

జవాబు: మీ అనుమానం సరైనదే. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, గార్డుగాని సూపర్‌వైజర్‌గాని సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, పోలీసుల యూనిఫాంను లేదా దాన్ని పోలిన దుస్తులను ధరిస్తే అతడితో పాటు ఏజెన్సీ యజమాని కూడా శిక్షార్హుడే. ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేసి దుస్తులు మార్పించండి.

పిల్లల వేషాలకు ఇది వర్తించదు. సైనికుడు కానివాడు సైనిక దుస్తులు వేసుకోవడాన్ని భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ నేరంగా పరిగణించేది, తాను సైనికుణ్ణని ఇతరులను నమ్మించే ఉద్దేశం ఉన్నప్పుడే. దానికి మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిషిద్ధ ప్రదేశంలోకి చొరబడేందుకో, దేశ భద్రతకు హాని తలపెట్టో అలాంటి దుస్తులు వేసుకుంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద అది ఇంకా పెద్ద నేరం. ఏడేళ్ల పిల్లవాడు చెక్క తుపాకీ పట్టుకుని జెండా ముందు సెల్యూట్ చేస్తే ఎవరూ మోసపోరు.

ప్రశ్న: నేను సుబేదార్‌గా రిటైరయ్యాను. మా కాలనీ వారు జనవరి 26న జెండా ఎగరేయమని పిలిచారు. ఒక పార్టీ వారు తమ మాజీ సైనికుల సభకు పిలిచారు. రెండింటికీ పాత యూనిఫాం వేసుకుని, పతకాలతో రమ్మన్నారు. ఏం చేయమంటారు?
– అల్వాల్

జవాబు: కాలనీకి మంచి బంద్‌గలా కోటు వేసుకుని, ఎడమ ఛాతీ మీద పతకాలు పెట్టుకుని వెళ్లండి. యూనిఫాం బదులు మాజీ సైనికులు అలా వెళ్లడం అందరికీ తెలిసిన మర్యాదే. అంతగా వేసుకోవాలని ఉంటే సైనిక స్టేషన్ ప్రధాన కార్యాలయంలో అడిగి, వారు అనుమతిస్తేనే వేసుకోండి. పోరాట దుస్తుల మాట మాత్రం ఎత్తకండి.

పార్టీ సభకు ఒక పౌరుడిగా వెళ్లే హక్కు మీకు ఇప్పుడు ఉంది. సర్వీసులో ఉండగా ఉండేది కాదు. 1954 నాటి సైనిక నియమాలు పార్టీ సభల్లో పాల్గొనడాన్ని అప్పట్లో మీకు నిషేధించాయి. కాని వారు పిలిచింది మిమ్మల్నా, మీ యూనిఫాంనా అన్నది ఒకసారి ఆలోచించుకోండి. రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులో పార్టీలకు చెప్పి, 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది. వెళ్లదలచుకుంటే మామూలు చొక్కాలో వెళ్లండి. పతకాలు కూడా ఇంట్లోనే ఉంచండి. వేదిక మీద కూర్చోబెట్టి ఫొటో తీసి కింద మీ ర్యాంకు వేస్తామంటే, "మాజీ" అన్న మాట తప్పకుండా ఉండాలని ముందే చెప్పండి.