బాబును బడి మాన్పించకండి

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. నడక, మాటలు రెండూ ఆలస్యంగానే వచ్చాయి. ఇప్పటికీ అక్షరాలు గుర్తుపట్టలేడు. ‘ఇక్కడ ఉంచి లాభం లేదు, స్పెషల్ స్కూల్‌కు పంపండి’ అంటున్నారు టీచర్. మా అత్తగారేమో బడి మాన్పించమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, బడి మాత్రం మాన్పించకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం ఉందని తేలినా మీ బాబును అదే బడిలో, అదే పిల్లల మధ్య కూర్చోబెట్టి చదివించాలి. టీచర్ వద్దన్నా ఆ హక్కు పోదు.

ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. టీవీ ఆపి, వెనుక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూస్తున్నాడా? నా దగ్గరికి ఒక పాపను ‘మొద్దు’ అని ముద్ర వేసి తీసుకొచ్చారు. చూస్తే రెండు చెవుల్లోనూ చీము. పాపం, టీచర్ చెప్పేది దానికి సగమే వినబడేది. ‘మొద్దు’ అన్న మాట ఇంట్లో గానీ బడిలో గానీ మీ బాబు మీద పడనివ్వకండి. బడులకు వచ్చే బాల స్వాస్థ్య వైద్య బృందం 18 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా చూస్తుంది. వాళ్లకు నడక, మాటల సంగతి కూడా చెప్పి, నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి చీటీ రాయించుకోండి.

ఇక చదువు. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో అడగండి. ఇలాంటి పిల్లలకు నేర్పడానికే శిక్షణ పొందిన ఐఈఆర్‌పీ టీచర్లు అక్కడ ఉంటారు. పూసలు గుచ్చించడం, బొత్తాలు పెట్టించడం చూసి ‘ఇదేం చదువు’ అనుకోకండి. వేళ్లు కుదిరితేనే కదా పెన్సిల్ నిలిచేది! ఫిజియోథెరపీ, రానుపోను ఖర్చుల సాయం గురించీ అక్కడే అడగండి. కూలి పని మానుకుని పిల్లాడిని తిప్పే తల్లికి బస్సు చార్జీ కూడా బరువేనని నాకు తెలుసు.

పరీక్షల్లో మేధో వైకల్యం ఉందని తేలితే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పేరు నమోదు చేయించుకోండి. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు, పెద్ద తరగతుల పరీక్షల్లో అదనపు సమయానికి ఆ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. అది చేతికి వచ్చేదాకా మాత్రం ఆగకండి, ఈ వారమే భవితకు వెళ్లండి. వెళ్లేటప్పుడు బాబు నోటుబుక్కు ఒకటి పట్టుకెళ్లండి. ఎక్కడ తడబడుతున్నాడో అందులోనే వాళ్లకు తెలుస్తుంది.