గిటారు విడిభాగాలు చేసే అబ్బాయిని డిగ్రీ మానేయనివ్వచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి పూర్తి చేశాడు. కొంతకాలంగా ఇంట్లోనే ఎముక ముక్కలను ఆకురాయితో అరగదీసి గిటారుకు నట్, శాడిల్ వంటి విడిభాగాలు చేస్తున్నాడు. డిగ్రీలో చేరనని, ఇదే వృత్తిగా పెట్టుకుంటానని అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: మీ అబ్బాయి చేస్తున్నది ఉత్త కాలక్షేపం కాదు. నట్ అంటే గిటారు మెడ చివర తీగలను పట్టి ఉంచే చిన్న పట్టీ. దానిలోని ఆరు గాళ్లలో ఏది లోతు ఎక్కువైనా ఆ తీగ మొదటి ఫ్రెట్‌కు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల్లో మొదటిదానికి, తగిలి గరగరమంటుంది. లోతు చాలకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు తీగ అవసరానికి మించి సాగి స్వరం హెచ్చుగా పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఎక్కువగా వాడే ఒక సెట్‌లో సన్న తీగ 0.010 అంగుళం, లావు తీగ 0.046 అంగుళం ఉంటాయి కనుక, ప్రతి గాడినీ దాని తీగ మందానికి తగినట్టు, తీగలను బిగించే ట్యూనర్ల వైపు కాస్త వాలుగా కోయాలి. తీగలు రెండో చివర, గిటారు ఒంటి మీద ఆనే పట్టీ శాడిల్. దానిది మరో లెక్క. 12వ ఫ్రెట్ నట్‌కూ శాడిల్‌కూ దాదాపు నడిమధ్యన ఉంటుంది కాబట్టి, అక్కడ తీగ ఎత్తు అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగును ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఎందుకని మీ అబ్బాయిని అడిగి చూడండి. కాగితం మీద గీసి వివరించగలిగితే, అతను చేతితోపాటు బుద్ధినీ పనిలో పెడుతున్నట్టే.

అయితే విడిభాగాలు అమ్మి బతకడం కష్టమని నా అభిప్రాయం. అచ్చు పోసిన ప్లాస్టిక్ నట్‌తో ధరలో ఎవరూ పోటీ పడలేరు. చేతిపనికి విలువ వచ్చేది పాత గిటారుకో, కొలతలు వేరుగా ఉన్న గిటారుకో సరిపడే ముక్క ఎక్కడా దొరకనప్పుడు, దాన్ని చేసి, అమర్చి, శ్రుతి నిలిచేలా చూసి ఇచ్చినప్పుడు. అంటే అసలు వృత్తి మరమ్మతు. తన గిటారు మీద ఎన్ని ముక్కలు పాడుచేసినా అడిగేవారుండరు. ఇతరుల గిటారును ఒప్పుకున్న రోజుకి చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వగలడా, ఒకసారి చేసిన నట్‌ను అదే కొలతలతో మళ్లీ చేయగలడా అన్నది మీరు గమనించవలసిన విషయం.

డిగ్రీ మానవద్దు. మెకానికల్ ఇంజనీరింగ్, ప్రొడక్ట్ డిజైన్, భౌతికశాస్త్రం, వీటిలో ఏది చదివినా ఈ పనికి బలమే. సెలవుల్లో అనుభవమున్న మరమ్మతుదారు దగ్గర పని నేర్చుకోనివ్వండి. ఎలక్ట్రిక్ గిటార్ల తయారీలో పేరుపొందిన లియో ఫెండర్ చదివింది అకౌంటింగ్, 1938లో పెట్టింది రేడియో మరమ్మతు దుకాణం. 1950లో ఆయన సంస్థ తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్లలో మెడను జిగురుతో అతికించక స్క్రూలతో బిగించారు. పాడైతే విప్పి కొత్తది వేసుకోవచ్చు. మరమ్మతు తెలిసిన మనిషి ఆలోచన అందులో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఈ రోజే తీసుకోండి. ఎముక అరగదీస్తే లేచే సన్నని పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గాలి ఆడే చోట, సరైన మాస్క్ పెట్టుకుని మాత్రమే పని చేయాలి. వంట చేసే చోటా, పడుకునే గదిలోనూ అసలే వద్దు.

చేసిన ప్రతి భాగానికీ ముందు కొలతలు, తర్వాతి కొలతలు, ఫొటోలు తేదీలతో ఒక పుస్తకంలో పెట్టమనండి. డిజైన్ కోర్సులో చేరాలన్నా, ఎవరి దగ్గరైనా పనికి కుదరాలన్నా, ముందుగా చూపించవలసింది ఆ పుస్తకమే.