తిండి మానేసే జబ్బు డబ్బున్నోళ్లకే వస్తుందా?

"ఈటింగ్ డిజార్డర్ల (తిండి విషయంలో మనసుకొచ్చే జబ్బుల) మీద పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము ఎందుకు, అది డబ్బున్నోళ్ల జబ్బే కదా?" అని ఒకరు అడిగారు. మా బావది పొదలకూరు దగ్గర నాలుగెకరాల నిమ్మతోట. ఆయన కూతురికే వచ్చింది. అందుకే ఆ మాట నేను ఒప్పుకోను.

పిల్ల నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. పరీక్షలయ్యాక ఇంటికొచ్చింది. రోహిణీ కార్తె, ఫ్యాను కింద కూడా మాకు చెమటలు కారుతుంటే అది దుప్పటి కప్పుకుని కూర్చునేది. చేతుల మీద పసిబిడ్డకున్నట్టు నూగు. అక్క దిష్టి తీసింది. ఆ ఆదివారం చేపల పులుసు. ముల్లు తీసి, ముక్కను నాలుగు చేసి, ఆ నాలుగింటినీ మళ్లీ చిదిమి, అన్నంలో కలుపుతూ గంటసేపు కంచం ముందే కూర్చుంది. కంచం ఖాళీ అయింది, హమ్మయ్య అనుకున్నాం. సాయంత్రం పెరట్లోకి వెళ్తే బట్టలుతికే బండ కింద నుంచి చీమలు బారు కట్టాయి. జరిపి చూస్తే ప్లాస్టిక్ కవర్లో పులుసన్నం. ఒక్క పూటది కాదు. తలెత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మకు చెప్పబాక మామా" అంది.

తర్వాత ఆరు నెలలు డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒకరు ఎండోస్కోపీ, ఒకరు ఐరన్ మాత్రలు, నెలసరి ఆగిందని ఇంకొకరు స్కానింగ్. ఏం తింటున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు. పెళ్లిళ్లలో చుట్టాలైతే "సన్నబడి భలే ఉన్నావే" అని మెచ్చుకోవడం! చివరికి చెన్నైలో ఒక సైకియాట్రిస్టు చెప్పింది, ఇది మొండితనం కాదు, జబ్బని. అక్క ఆ రోజే నెయ్యి ముద్దలు పెట్టబోయింది. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ప్రమాదమట. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి కొంచెం కొంచెంగా పెంచారు. ఆ తర్వాత అమ్మానాన్నలే పక్కన కూర్చుని మూడు పూటలా తినిపించాలి, అదే వైద్యం.

ఈ పద్ధతి 1980లలో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైంది. అమెరికా ప్రభుత్వ నిధులతో 121 మంది పిల్లల మీద పరీక్షించి 2010లో ఫలితాలు చెప్పారు. వైద్యం ముగిసిన ఏడాదికి ఇందులో దాదాపు సగం మంది పూర్తిగా కోలుకున్నారు. పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడే పద్ధతిలో నాలుగో వంతు కూడా లేరు. అమ్మ, కంచం, ఓపిక. మందుల కంపెనీకి ఇందులో అమ్ముకోవడానికేముంది? సర్కారు తప్ప ఎవరు డబ్బు పెడతారు?

కానీ మన ఇళ్లలో అమ్మానాన్నలు మాత్రమే ఉండరు కదా. అక్క ముద్ద పెడుతుంటే వాళ్లత్త "పోనీలే, బలవంతం చేయబాక" అంటూ అడ్డం. ఆ నాయనమ్మను ఏం చేయాలో ఏ అమెరికా వాళ్లు చెబుతారు? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, బెంగళూరులో మానసిక జబ్బులు చూసే నిమ్హాన్స్ ఉంది. రెండూ కేంద్రానివే. వచ్చి నెల్లూరు హాస్టళ్లలో పరిశోధన మొదలుపెట్టమనండి.

పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బరువు మేం చూస్తాం, ఇంట్లో మిషన్ తీసెయ్యండని డాక్టరమ్మ అప్పట్లోనే చెప్పింది. బావ దాన్ని తోటకు పట్టుకుపోయాడు. నిమ్మకాయల బస్తాలు దాని మీదే తూచి, నీ కాటాలో తక్కువొస్తోందని దళారితో రోజూ గొడవ.